చల్లగా ఉందన్న నిప్పు

సెక్టర్ 6, భిలాయి
8 జూలై 2024

రమణత్తకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పదు. నాయనమ్మ అంగిట్లో ఏదో ముదురుతోంది. అది ఆమెకు తెలియడం లేదు. ఆసుపత్రికి రమ్మంటే రానంటోంది. నువ్వు చెబితే వస్తుంది. నాన్నను అడిగితే, "అప్పకి రాయి. అమ్మ దాని మాటే ఇంటాది" అనేసి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. భయపడినప్పుడు నాన్న డ్యూటీకి తొందరగా వెళ్ళిపోతాడు, నీకు తెలిసిందే.

ఫోను చేద్దామంటే జూట్ మిల్లు నీ చెవులు తీసేసుకుంది. పవర్ హౌస్ బజారులో ఎండుచేపల కొట్టు పెట్టుకున్న మన మనోజ్‌కుమార్ సరుకు కోసం నెలనెలా మీ వైపు వస్తాడు కదా, అతనితో చెప్పించవచ్చు. కానీ అతనికి ఒక మాట చెబితే దారిలో ప్రతి స్టేషనులో దిగి చెప్పి వస్తాడు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను. నేను హోటల్లో చేరానని నాన్న నీకు రాయించాడు కదా. పైఅంతస్తులో ఈ మధ్య ఒక సిగార్ గది తెరిచారు. స్టీల్ ప్లాంటుకు యంత్రాలు అమ్మేవాళ్ళు, కాంట్రాక్టర్లు వచ్చి కూర్చుంటారు. అక్కడ పని నాకు వేశారు. సిగార్ అంటే మన చుట్టే అత్తా, కాకపోతే ఒక చివర మూసి ఉంటుంది. మూతి మీద టోపీలాగా చిన్న ఆకుముక్క అంటించి ఉంటుంది. ఆ టోపీ అంచు దాటకుండా, గోరుమందం కంటే తక్కువగా కోయాలి. ఇంకొంచెం కిందికి కోశామా, చుట్టిన ఆకంతా విడిపోతుంది. కోయడం కూడా ఒక్క వేటులో అయిపోవాలి, నమిలినట్టు కోయకూడదు. తరవాత వెలిగించడం. పెట్రోలు లైటరు పనికిరాదు, వాసన పట్టేస్తుంది. పొడుగాటి అగ్గిపుల్ల గీసి, దాని తలమందు పూర్తిగా కాలిపోయేదాకా ఆగాలి. మంటను తాకించకుండా కింద పట్టుకుని, సిగారును తిప్పుతూ, అంచంతా రంగు మారేదాకా సెగ చూపించాలి, అప్పడం కాల్చినట్టు. అప్పుడు అతిథికి ఇస్తే ఆయన తిప్పుకుంటూ పీల్చుకుంటాడు. చివర నిప్పు మీద మెల్లగా ఊది చూస్తే ఎరుపు అంతటా ఒక్కలాగే ఉండాలి. ఒక పక్క నల్లగా ఉందంటే తప్పు మనదే. నాకు నేర్పిన సురేంద్రనాథ్ సార్ నా వెనక నిలబడి ఎప్పుడూ ఒకటే మాట అంటారు, "హడబడీ మత్ కరో సత్యా. దాన్ని కంగారు పెడితే అది చేదెక్కుతుంది." నాకున్న జబ్బే కంగారు. మొదట్లో చెయ్యి కుదరక నువ్వు చుట్టి నాయనమ్మకు పంపే చుట్టల మీద ఇంట్లో కోత సాధన చేశాను. అందుకు నాయనమ్మ గరిటె పట్టుకుని నా వెంటపడింది.

పోయిన ఆదివారం కోల్‌కతా నుంచి వచ్చిన ఒకాయన, ఫోను వచ్చి లేచిపోతూ, ఇంకా కోయని సిగారు నా చేతిలో పెట్టి, ఉంచుకో బేటీ అన్నారు. గాజు అలమరలో నీటి ఆవిరి పట్టించి దాచే రకం. నాయనమ్మకు చూపిద్దామని ఇంటికి తెచ్చాను.

"ఓలమ్మ! ఇది సుట్టా, రోకలా?" అంది.

"సిగారు నాయనమ్మా."

"మూతి మూసీసున్నాదేటి? ఊపిరాడక సచ్చిపోదూ!"

ఎక్కడ కోయాలో గోరుతో గీసి చూపించాను. కత్తిపీట మీద తనే కోసింది, టోపీ మాత్రమే లేచేలాగ. నేను నిప్పు పెట్టాను. చక్కగా, గుండ్రంగా అంటుకుంది. నేను చెప్పబోయేలోగానే ఎప్పటి అలవాటు చొప్పున దాన్ని తిప్పి నిప్పు కొసను నోట్లోకి పెట్టేసుకుంది. మీకందరికీ అడ్డపొగ అలవాటే, అది నాకు వింత కాదు. కానీ నీ చుట్టలు సన్నవి. నిప్పు చిటికెనవేలి కొసంత ఉంటుంది. దీని నిప్పు రూపాయి బిళ్ళంత. ట్రైనింగులో ఒకసారి అది నా వేలికి ఆనితే బొబ్బ లేచి చేత్తో అన్నం తినలేకపోయాను. తీసెయ్ నాయనమ్మా అని నేను అరుస్తుంటే ఆమె నింపాదిగా బియ్యం ఏరుకుంటోంది. కాసేపటికి తనే తీసి, బూడిద ఊసి,

"సల్లగున్నాదే గుంటా. దీనికేటి అంత గొప్ప?" అంది.

నవ్వాను. నవ్వాక నా వేలి బొబ్బ గుర్తొచ్చింది. ఫోను లైటు వేసి నోరు తెరవమన్నాను. అంగిలి మధ్యలో అప్పుడే కాలిన మచ్చ, చర్మం రేగి ఉంది. దాని చుట్టూ ఎప్పటిదో తెల్లటి పొర, ఆరిన గంజి మీద కట్టినట్టు మందంగా ఉంది, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. నేను వేలితో చూపిస్తే, "అది ఎప్పుడూ ఉండేదే. మాయమ్మకీ ఉండీది" అంది. వాళ్ళమ్మ ఎలా పోయిందంటే, ముద్ద దిగక పోయిందని తనే చెప్పింది. చెప్పి మళ్ళీ బియ్యంలో పడింది.

అత్తా, కాలినా తెలియకపోతే ఇంకేం తెలుస్తుంది? నాకు కాలు నిలవడం లేదు. రాస్తూ రాస్తూ లేచి వెళ్ళి ఆమె నిద్రపోయే తీరు చూసి వస్తున్నాను. ఈ నెల చుట్టలు పంపకు. ఆసుపత్రికి వెళ్ళమని ఆమెకు ఒక్క మాట రాయి.

నీ మేనకోడలు
సత్యశ్రీ


రాజాం
18 జూలై 2024

కోడలు సత్యశ్రీకి అత్త రమణమ్మ రాసేది.

నీ ఉత్తరం ముట్టింది. అచ్చరాలు పెద్దవిగా రాసినావు, కళ్ళజోడు నేకుండా సదూకున్నాను, దానికి సంతోసం. మిగిల్నదానికి నేదు.

ఓలె, నాకొకటి సెప్పు. నువ్వు మగోళ్ళ ముందర నిలబడి అగ్గిపుల్ల గీసి ఇస్తే అది ఉజ్జోగం. మీ నాయనమ్మ తన నోట్లో తను నిప్పెట్టుకుంటే రోగం. ఇదెక్కడి సదువే? మన ఇంట్లో బడి గుమ్మం ఎక్కింది నువ్వొక్కదానివే. నన్ను బడికంపకుండా మీ నాన్నని నా సంకనెట్టి కూలికెల్లింది మాయమ్మ. ఈ నాలుగచ్చరాలూ మిల్లులో రాత్రిబడికెల్లి నేర్సుకున్నాను. ప్లాంటు కట్టుబడిలో ఇసక తట్టలు మోసీది. అక్కడ గాలి నీకు తెల్దు. ఈదర గాలికి సుట్ట బయటెట్టుకుంటే బతకదు. రెండు సేతులూ తట్ట మీద ఉంటాయి. అందుకే నిప్పు లోపలెట్టుకునీవోళ్ళు. తలకాయ మీద బరువున్నప్పుడు నోట్లో ఆ సురుకొక్కటే ఆళ్ళకి సుకం. దాన్ని తప్పంటావేటి?

మనోజ్‌కి సెప్పకుండా సాటుగా ఉత్తరమెందుకు రాసినావో నాకు తెల్దనుకుంటన్నావు. హోటలోళ్ళు, ఆపీసరోళ్ళు మీ ఇంటికొత్తే ముసల్ది గడపలో కూకుని అడ్డపొగ కాలుత్తంటాది. నీకది సిగ్గు. రోగమని పేరెట్టి మానిపిద్దారని సూత్తన్నావు. సిగ్గైతే సిగ్గని రాయి, సదూకుంటాను.

సల్లగున్నాదంటే ఆ పొగాకు సల్లది. నీళ్ళ ఆవిరెట్టి దాస్తారని నువ్వే రాసినావు. తడిసినాకు ఏటి కాల్తాది? నాను ఆకు ముందర సెవికాడెట్టి నలిపి, గలగలంటే సుట్టీదాన్ని. మిల్లు సెవులు తినీసినాక బుగ్గకి రాసి సూసుకుంటన్నాను. అయినా నా సుట్ట ఆరిపోయిందన్నోళ్ళు నేరు.

ఇంకో మాట. నువ్వూ కాలుత్తన్నావంట. సిగారు నోట్లో ఎట్టుకున్న పొటో మనోజ్ ఎవుళి ఫోన్లోనో సూసినాడంట. మీ నాన్నకి తెలుసునా?

ఆసుపత్రి మాటెత్తకు. మా మిల్లులో శ్రీలక్ష్మని ఉండీది, నాతోటి మగ్గం మీదే. దాని నోట్లో కాయుంటే పట్నం తీసికెల్లినారు. దవడ తీసీసినారు. గొట్టంతో పాలు తాగి తాగి పోయింది. కోతెట్టకపోతే ఇంకో నాలుగేళ్ళు అన్నం తినీది. మాయమ్మకి డెబ్బై దాటినాయి. దాన్ని దాని నోటితో బతకనీ.

సుట్టలు పంపుతాను. ఈపాలి పెద్ద కట్టే పంపుతాను.

మీ యమ్మని, మీ నాన్నని అడిగినానని సెప్పు.

రమణమ్మ


సెక్టర్ 6, భిలాయి
30 జూలై 2024

రమణత్తకు,

నీ ఉత్తరం, చుట్టల కట్ట రెండూ అందాయి. మనోజ్ కట్ట తెచ్చేసరికి సగం వానకు తడిసింది. నాయనమ్మ వాటిని పొయ్యి పక్కన జల్లెడలో పరిచి, ఇంటినంతా పొగాకు వాసనతో నింపింది. నేను సగం తీసి దాస్తే ఎలాగో పసిగట్టింది. "నా సుట్టలు దాచినదానివి నీ సిగార్లు తెచ్చియ్యి. అయీ వొద్దు, ఇయీ వొద్దంటే నోట్లో ఏటెట్టుకోను, నీ సర్టిఫికేటా?" అంది. తిరిగి ఇచ్చేశాను.

ఆ ఫోటో ట్రైనింగులోది. పీల్చకుండా వెలిగించడం వస్తే రుచి తెలియకుండా వంట చేసినట్టు ఉంటుందని సురేంద్రనాథ్ సార్ మా అందరి చేతా ఒక్కసారి పీల్పించారు. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు కారుతున్నప్పుడు ఎవరో తీశారు. నాన్న చూశాడు, నవ్వాడు. సిగ్గు సంగతి అడిగావు. మా ఇంటికి ఏ ఆఫీసరూ రాడు అత్తా. వచ్చినా నాయనమ్మ గడపలోనే కూర్చుంటుంది. నాది సిగ్గు కాదు.

ఉద్యోగం సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఒక పెద్దాయనకు సిగారు కోస్తూ ఉంటే నువ్వు రాసిన మాటలే చెవిలో తిరిగాయి. టోపీ దాటి కోసేశాను. ఆకు విడిపోయింది. సార్ ఇంకొకటి తెచ్చి ఇచ్చారు.

నువ్వు వద్దన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కళ్ళు చూపిద్దామని చెప్పి తీసుకువెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చాక ఆమెకు అనుమానం వచ్చింది. "కళ్ళ డాక్టరమ్మ నోరు తెరమంటాదేటి? ఈ ఊర్లో కళ్ళు అంగిట్లో ఉంటాయా?" అని గట్టిగా అంటే బయట బెంచీ మీద కూర్చున్న తెలుగువాళ్ళు నవ్వారు. డాక్టరమ్మ మంచిది, నాయనమ్మను హిందీలో మా-జీ, అమ్మా అంటూ బతిమాలింది. చివరికి కళ్ళు మూసుకోమని, తాకినప్పుడల్లా చెయ్యి ఎత్తమని చెప్పి, ఒక సన్నటి పుల్లతో నోట్లో అక్కడక్కడా తాకడం మొదలుపెట్టింది. చిగుళ్ళ మీద తాకితే నాయనమ్మ చెయ్యి ఎత్తింది. బుగ్గ లోపల తాకితే ఎత్తింది. తరవాత డాక్టరమ్మ పుల్లను అంగిటి మధ్య పెట్టి, అక్కడే ఉంచి నా వైపు చూసింది. నాయనమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎంతసేపటికీ ఎత్తలేదు. పుల్ల తీశాక విసుక్కుంటూ, "లగావో నా దీదీ, జల్దీ! ఇంకా ఎట్టవేటి?" అంది.

పెట్టి తీసేసింది నాయనమ్మా అని నేనే చెప్పాను.

ఆ తెల్లపొర అడ్డపొగ వల్లనే అని డాక్టరమ్మ చెప్పింది. మన వైపు ఆడవాళ్ళలో ఇలాంటివి చాలా చూసిందట. చూస్తేనే అది కేన్సరో కాదో చెప్పలేనంది. కందిబద్దంత ముక్క తీసి పరీక్షకు పంపాలి. దవడ జోలికి ఎవరూ పోవడం లేదు అత్తా, కందిబద్దంత ముక్క. మీ శ్రీలక్ష్మిగారు కాయ పెద్దదయ్యాక వెళ్ళి ఉంటారు. మనం ముందే వెళుతున్నాం. రెండూ ఒకటి కాదు.

కానీ కత్తి మాట వినగానే నాయనమ్మ చెప్పులు వెతుక్కుంది. నీ ఉత్తరం ఆమెకు చదివేటప్పుడు నేను శ్రీలక్ష్మిగారి వాక్యాలు దాటేశాను. మనోజ్ ముందే ఆ కథంతా చెప్పేశాడని అప్పుడు తెలిసింది. "నా కూతురు వొద్దన్నాది. అది ఊ అంటే తలకాయైనా కోయించుకుంటాను. అననప్పుడు దేవుడొచ్చినా సరే, నోరు తెరవను" అని ఆటో ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఇంటికి రాగానే చుట్ట వెలిగించి నిప్పు నోట్లోకి తిప్పుకుంది, నన్ను చూస్తూ మరీ.

నాన్న, అమ్మ, నేను ఎన్ని చెప్పినా అంతే. ఇప్పుడు ఆమె నోరు నీ చేతిలో ఉంది. ఊ అను అత్తా. నా మీద కోపం ఉంటే ఉంచుకో, ఆమెకు మాత్రం ఊ అను.

ఇంకొకటి అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నువ్వు కూడా చిన్నప్పటినుంచీ అడ్డపొగే కదా?

సత్యశ్రీ


రాజాం
11 ఆగస్టు 2024

సత్యశ్రీకి,

నీ ఉత్తరం సదివి కోపమొచ్చింది. కళ్ళకని సెప్పి తీసికెల్లినావా, నంగనాచీ. పుల్లెట్టినా తెల్లేదన్నావు, నాను నమ్మనేదు. ముసల్దానికి పరాకు, గుంట మాటలు అల్లుతోందనుకున్నాను. అబద్దమని నీకు రాద్దారని పక్కింటి ప్రసూనని పిలిసినాను. నీకు తెలిసిన పిల్లే, మా పెద్దాడి పెళ్ళిలో నీకు జడేసింది. సీపురుపుల్ల కడిగి దాని సేతికిచ్చినాను. నాను కళ్ళు మూసుకుంటాను, అంగిట్లో ఎట్టు, ఎట్టగానే నాను సెయ్యెత్తుతాను అన్నాను.

కళ్ళు మూసుకుని కూకున్నాను. కూకునే ఉన్నాను. ఈ పిల్లకి బయమేసి ఎట్టలేకపోతోందని నవ్వొచ్చింది. కళ్ళు తెరిసి, ఎట్టవేటే అన్నాను. నాకు ఇనపడదు కదా, అది సేత్తో సూపించింది. ఎట్టినానని, తీసీసినానని, మళ్ళీ ఎట్టినానని. దాని కళ్ళమ్మట నీళ్ళు.

మాయమ్మని తీసికెల్లు. ముక్క తీయించు. రమణి ఊ అన్నాదని సెప్పు. ఈ ఉత్తరంలో ఈ రెండు ముక్కలే సదివి ఇనిపించు. మిగిల్నది సదవకు.

నా సంగతి దానికి సెప్పొద్దు. మీ నాన్నకీ వొద్దు. నాను ఏ ఆసుపత్రికీ ఎల్లను. సెవులు పోయినప్పుడు కూడా అందరూ డాక్టరని గోలెట్టినారు. నాను ఎల్లనేదు. ఇనపడకుండా బతకడం నేర్సుకున్నాను. ఇదీ అలగే. తెలీనిదాన్ని తెలీనట్టే ఉండనీ. తెలిసినాక అన్నం దిగదు.

సుట్టలు ఇంక పంపను. ఆకు అటక మీద పడీసినాను. వారమైంది ముట్టుకోనేదు. సేతులు ఏటి సెయ్యాలో తెలీక గిన్నెలు తోమినవే తోముతన్నాను. ప్రసూన నవ్వుతోంది.

నీ ఉజ్జోగం గురించి ఆరోజు కోపంతో రాసినాను. సిగారు సరిగ్గా కోసుకో. ఆళ్ళకేటి, నీకు పేరు పోతాది.

రమణమ్మ


సెక్టర్ 6, భిలాయి
24 ఆగస్టు 2024

రమణత్తకు,

ముందు మంచి కబురు. నువ్వు ఊ అన్నావని చెప్పగానే నాయనమ్మ మర్నాడే తయారైంది. ఉతికిన చీర కట్టుకుని, కొప్పులో మందారం పెట్టుకుని, "ఈపాలి కళ్ళకా, నోటికా? నిజం సెప్పు" అంది. నోటికే అన్నాను. ముక్క తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది కానీ నొప్పికి కాదు, నేను లేచి అటూ ఇటూ తిరగకుండా. రిపోర్టు మొన్న వచ్చింది. కేన్సరు కాదు. కానీ కేన్సరుకు ముందు మెట్టు మీద ఉందట. వదిలేస్తే ఆ పై మెట్టు ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేమన్నారు. ఆ పొరంతా తీసేస్తే చాలు, దవడకు ఏమీ కాదు, చుట్ట మాత్రం ఇక ముట్టకూడదు అన్నారు. ఆపరేషన్ సెప్టెంబరు పన్నెండున.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. నీ సంగతి నాయనమ్మకు తెలిసింది.

నేనుగా చెప్పలేదు. మనోజ్ వట్టి చేతులతో వచ్చాడు. అతన్ని చూసి నాయనమ్మ అడిగింది, "కట్టేది?" ఈసారి ఇవ్వలేదన్నాడు. నాయనమ్మ నా వైపు తిరిగింది. "నాను మానీయాలని పంపనేదా?" అంది. అవునన్నాను. "అబద్దం. నాను మానీయాలంటే నన్ను తిడతాది, సుట్టలాపదు. దానికీ ఉన్నాదా?" అని తన అంగిటి వైపు వేలు చూపించింది. నాకు అబద్ధం నోటికి రాలేదు. కళ్ళు దించుకున్నాను, ఆమెకు అది సరిపోయింది.

ఏడవలేదు. అటూ ఇటూ తిరిగింది. వాకిట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నాలాగే. పొద్దున్నే నాన్న డ్యూటీకి బయలుదేరుతుంటే సైకిలుకు అడ్డం నిలబడింది. 

"బలరాం, ఆ పన్నెండో తారీకు నాకొద్దు."

"అదేటమ్మా? డాక్టరమ్మ రాసీసింది కదా."

"కొట్టీయమను. రమణి వొచ్చి నా పక్క బెంచీ మీద కూకోవాల. ముందు అది నోరు తెరవాల. దాని ముక్క తీసినాక నాను లోపలికెల్తాను. అది రానేదా, నాకున్నది నాతోటే ఉండనీ."

"అప్ప అంత సులువుగా వస్తాదా?"

"రాదు. నా కూతురు కదా."

నాన్న ఆరోజు డ్యూటీకి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు. నిన్ను రమ్మని రాయమని నన్ను అడగడానికి ఎంతో తంటాలు పడ్డాడు. చిన్నప్పుడు నీ సంక దిగకుండా తిరిగినవాడు, నీకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాక నా ఉత్తరం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

అత్తా, చెవులూ ఇదీ ఒకటే అని రాశావు. కాదు. చెవుడు ఎక్కడికీ పాకదు. నీకు వినబడకపోతే అంతవరకే, నీ ప్రాణం మీదికి రాదు. ఇది అలా ఊరుకునేది కాదు. తెలిశాక అన్నం దిగదన్నావు. నాయనమ్మ రిపోర్టు విన్న రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. పక్కన మేమున్నామని తింది. నీ పక్కన కూడా ఉంటాం.

నీకు ఎక్కడా కష్టం ఉండదు. మనోజ్ సెప్టెంబరు మొదటి వారంలో మీ వైపు వస్తాడు, తిరుగు బండిలో నిన్ను కూర్చోబెట్టి తెస్తాడు. దారిలో అతని కబుర్లు నీకు వినబడవు, అదృష్టవంతురాలివి. పవర్ హౌస్ స్టేషనులో నేను నిలబడి ఉంటాను. డాక్టరమ్మకు నీ పేరు చెప్పాను. కందిబద్దంత ముక్కే. నీ విషయంలో ఏమీ లేకపోవచ్చు. ఉన్నా ఇంకా చిన్నదే కావచ్చు. అది చూసేదాకా నాకు నిద్ర లేదు. నీకూ ఉండదని గిన్నెలు తోమినవే తోముతున్నాననే మాటలోనే తెలిసింది.

సిగార్ గదిలోంచి ముందు డెస్కుకు మార్చమని సురేంద్రనాథ్ సార్‌ను అడిగాను. దసరా తరవాత చూద్దామన్నారు. అప్పటిదాకా కోస్తూ, వెలిగిస్తూ ఉంటాను. నిన్న వెలిగించిన దాంట్లో ఒక పక్క నల్లగా ఉండిపోయింది. కంగారు పడకు అని ఆయన మళ్ళీ అన్నారు. పడకుండా ఎలా ఉండాలో ఆయనకూ తెలిసినట్టు లేదు.

సెప్టెంబరు రెండో తారీఖులోగా నీ జవాబు నాకు అందాలి. వస్తానని ఒక్క ముక్క రాస్తే చాలు, మనోజ్‌తో టికెట్లు తీయిస్తాను. రానని రాసేటట్టయితే మాత్రం నా పేరున రాయకు. నాయనమ్మ పేరున రాయి. ఎలాగూ చదివి వినిపించాల్సింది నేనే.

నీ మేనకోడలు
సత్యశ్రీ